మిరపరంగు తాబేటి డిప్ప

మాది దూది ఏకే ఇల్లు. పర్చూరు పక్కన పల్లెలో ఉండేవాళ్ళం. అమ్మా నాన్నా పోయాక అన్నా వదినే నన్ను సాకారు. అన్న విల్లు భుజాన వేసుకుని ఊళ్ళ వెంట తిరిగి పరుపులకీ దిండ్లకీ దూది ఏకేవాడు. వదిన వాటిని కుట్టేది. మిరపకాయల కాలం వస్తే కల్లాల్లో తొడిమలు తీసే పనికి కూడా పోయేది. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు రెండూ మజ్జిగ గిన్నెలో పెట్టుకుని కూర్చునేది. మంట కాస్త తగ్గాకే అన్నం వండేది.

మరి నేను? నేను గిటారు వాయించేవాణ్ణి. చెప్పుకోవడానికి ఇప్పటికీ నోరు రాదు. ఇంట్లో ఇద్దరూ ఒళ్ళు హూనం చేసుకుంటుంటే ఎదిగిన మగవాణ్ణి అరుగు మీద కూర్చుని తీగలు మీటుతుండేవాణ్ణి. వీధిలో పోయేవాళ్ళు ఊరుకుంటారా? "ఏరా, ఇంకా ఏకడం అవలేదా?" అని నవ్వేవాళ్ళు. నేను తల దించుకుని ఇంట్లోకి పోయేవాణ్ణి.

పోనీ మానేద్దామా అంటే అన్న మాననిచ్చేవాడు కాదు. దూది ధూళి పీల్చీ పీల్చీ ఆయనకి దగ్గు పట్టుకుంది. మాట మధ్యలో ఆపి, గోడకి చెయ్యి ఆనించి, అది తగ్గేదాకా దగ్గి, మళ్ళీ ఆ మాటే అందుకునేవాడు. ఆపుకోవడమన్నది ఆయన వల్ల అయ్యేది కాదు. "ఒరేయ్, నువ్వన్నా ఈ ధూళిలోంచి బయటపడు" అనేవాడు. నాకోసమని దాచిన రెండో విల్లు అమ్మేసి ఆ గిటారు కొన్నది ఆయనే. తాడేపల్లిలో ఒక రైల్వే ఉద్యోగి బదిలీ మీద పోతూ ఇచ్చేశాడు. కరెంటు గిటారు. మైకు మిషనుకి వైరు తగిలిస్తే గానీ గట్టిగా పలకదు. మా వీధికి కరెంటే లేదు, అది వేరే సంగతి.

గుంటూరులో ఒక ఆర్కెస్ట్రా ఉండేది. పెళ్ళిళ్ళకీ ఉత్సవాలకీ పాటలు వాయించేవాళ్ళు. అరవైల మొదట్లో ఒక ఎండాకాలం ధైర్యం చేసి దాన్ని నడిపే మేస్టారి దగ్గరికి పోయాను. ఆయన విన్నాడు. కళ్ళు మూసుకుని మరీ విన్నాడు. తర్వాత కళ్ళు తెరిచి గిటారు కేసి చూసి మొహం చిట్లించాడు.

"వాయించడం బాగానే ఉందోయ్. ఈ వస్తువేంటి, కుక్క గోకినట్టుంది?"

నిజమే. తీగల కింద చెక్కకి గీతలు పడకుండా ఒక పలక బిగిస్తారు. పిక్‌గార్డు అంటారు దాన్ని. నా గిటారుకి అది ఎప్పుడో విరిగిపోయింది. దాని చోట ఎండిన బంక మరకా, పాతాయన గోకిన గీతలూ ఉండేవి. ఎవరైనా చూస్తుంటే నేను ఆ చోటు అరచేత్తో కప్పేసేవాణ్ణి.

"స్టేజీ మీద వస్తువు కూడా చూడముచ్చటగా ఉండాలి. దొరల గిటార్లకి తాబేటి డిప్ప పలకలుంటాయి. ఇదిగో, ఈ రంగు" అని తన కళ్ళజోడు తీసి చూపించాడు. ఫ్రేము తేనెరంగులో ఉంది. మధ్యమధ్య నల్లటి మచ్చలు, వాటి అంచులు ఎర్రగా కరిగినట్టున్నాయి. "మద్రాసులో దొరుకుతుంది. వచ్చే నెల పర్చూరులో పొగాకువాళ్ళింట్లో పెళ్ళి ఉంది. డిప్ప బిగించుకుని వచ్చి వాయించు. జనానికి నచ్చితే నువ్విక మావాడివే."

మద్రాసట! గుంటూరు రావడానికే వదిన కోడిగుడ్లు అమ్మింది.

ఇంటికొచ్చి చెప్పాను. మర్నాడు అన్న పొలం కాలవలోంచి బతికున్న తాబేలుని పట్టుకొచ్చి వసారాలో పెట్టాడు. వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇదా మీ మేస్టారు ముచ్చటపడింది? బురద రంగుంది. ఏమయ్యా, ఆయనకి కళ్ళజోడు పెట్టుకున్నా కనపడదా ఏంటి?"

"ఇది కాదు వదినా, అది సముద్రపు తాబేలు" అన్నాను.

"అలా చెప్పు. ఏమయ్యా, దీన్ని మళ్ళీ కాలవలో వదిలిపెట్టు. మనమే చేద్దాం."

అన్నంత పనీ చేసింది. టీ పెట్టె పలచటి చెక్క తెచ్చి, నేను కాయితం మీద గీసిన ఆకారానికి అన్న కోశాడు. వడ్రంగి దగ్గర లక్క పొరలు తీసుకుని స్పిరిట్టులో నానేశాం. అవి మందు నిషేధం రోజులు. స్పిరిట్టు వాసన వీధి చివరిదాకా పోయింది. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి "మీ ఆయన మొదలెట్టాడా ఏంటే?" అని అడిగింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. వదినకి చీమ కుట్టినట్టయినా లేదు. "ఆ, మొదలెట్టాడు, నువ్వూ రా" అంది.

నల్లమచ్చలకి దీపం మసి కలిపాం. గోధుమరంగుకి తాంబూలంలో వేసే కాచు కలిపాం. ఆ తేనె ఎరుపే కుదరలేదు. పసుపు వేస్తే పచ్చగా అయింది. కుంకం వేస్తే అడుక్కి దిగిపోయింది. నేను ఇక లాభం లేదని మూల కూర్చున్నాను. వదిన మాత్రం ఆ చెక్కనే చూస్తూ ఉండి ఉండి, "ఆ రంగు నాకు తెలుసు అబ్బాయ్. రోజూ నా చేతులకంటుకుని వచ్చేది అదే" అంది.

ఎండుమిరపకాయల రంగు అన్నమాట.

"కారం కదే" అన్నాడు అన్న.

"గింజలూ ఈనెలూ తీసేస్తే తోలులో కారమెక్కడుంటుందయ్యా? కూరలో వేసేటప్పుడు పిల్లలకి అలాగే కదా వేస్తాం."

మా వైపు ఏ ఆడమనిషిని అడిగినా అదే చెబుతుంది. మేమూ తలూపాం. వదిన ఒక్కో కాయా చీల్చి, గింజలు దులిపి, ఈనెలు గీకి, తోళ్ళు స్పిరిట్టులో నానేసింది. తెల్లారి చూద్దుము కదా, ఆ రంగు ఎంత బాగుందనీ! మేస్టారి కళ్ళజోడు దాని ముందు దిగదుడుపే. దాన్ని లక్కలో కలిపి, మా ఇంట్లో కొదవలేని దూదిని ముద్దచేసి, దాంతో అద్ది పూత మీద పూత వేసింది. మసి మచ్చల అంచులు వేలితో మెత్తగా చెరిపింది. వేళ్ళు మండలేదా అంటారేమో. పొద్దంతా కల్లంలో తొడిమలు తీసొచ్చిన చేతులవి. ఏ మంట కల్లానిదో, ఏ మంట డిప్పదో ఆవిడకెలా తెలుస్తుంది?

అది బిగించాక గిటారు పెళ్ళికూతురిలా ఉంది. మాసిపోతుందని వదిన పెళ్ళిరోజు దాకా నన్ను దాన్ని తాకనివ్వలేదు. పాత చీరలో చుట్టి దూలానికి వేలాడదీసింది.

పెళ్ళికి అన్నా వదినా నాకంటే ముందే పర్చూరు పోయారు. నా పాట వినడానికి కాదు. పెళ్ళికూతురి సారెలోకి కొత్త పరుపులు కుట్టాలి కదా, ఆ ఇంటివాళ్ళు అన్నని పిలిపించుకున్నారు. నేను మేస్టారు ఇచ్చిన కోటు వేసుకుని స్టేజీ ఎక్కేసరికి వాళ్ళిద్దరూ పందిరి చివర, వంటల వైపు నిలబడి ఉన్నారు. తలల నిండా దూది. వదిన చెయ్యి ఊపింది. పక్కనున్న డోలక్ అతను "ఎవరోయ్?" అన్నాడు. "మా వదిన" అన్నాను. ఎంత సన్నగా అన్నానో, అతనికి వినపడలేదు.

సాయంత్రం నాలుగింటికి మొదలెట్టాం. తాటాకు పందిరి కింద గాలాడటం లేదు. కోటు లోపల ఒళ్ళంతా నీళ్ళు. మొదటి పాట బ్రహ్మాండంగా పలికింది. మేస్టారు నా కేసి చూసి తలూపాడు. నా జన్మకది చాలనిపించింది. రెండో పాటలో మణికట్టు డిప్పకి అతుక్కుంటున్నట్టనిపించింది. చెమటకీ వేడికీ లక్క మెత్తబడింది. చూస్తే చేతికి ఎర్రగా అంటింది. నుదుటి మీది చెమట కంట్లోకి కారుతుంటే ఆ చేత్తోనే తుడుచుకున్నాను.

అంతే. కంట్లో నిప్పు పోసినట్టయింది. గబగబా రెండో కన్ను కూడా తుడుచుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అయినా వాయించడం ఆపలేదు. ఆపితే ఇక విల్లే గతి, ఆ విల్లు కూడా అమ్మేశాం. కళ్ళు మూసుకుని వాయిస్తూ పోయాను. బుగ్గల మీద ధారలు కడుతున్నాయి. అది అప్పగింతల పాట. ముందు వరసలో ఆడవాళ్ళు "పాపం, ఎంత లీనమైపోయాడో చూడండి" అనుకోవడం నాకు వినపడింది. ఒకరిద్దరు ముక్కులు చీదారు. పెళ్ళికూతురు కూడా ఏడుపు అందుకుంది. నాకు ముక్కు కూడా కారడం మొదలైంది. తుడుచుకోవాలి కదా. మళ్ళీ ఆ చెయ్యే. ఈసారి ఏడుపు కాదు, "అబ్బా" అని కేక.

పెళ్ళికొడుకు తాత లేచి నిలబడ్డాడు. "ఒరేయ్! శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే ఆ ఏడుపేంట్రా? దించండి వాణ్ణి!"

పాట ఆగిపోయింది. మేస్టారు "ఏమైందోయ్, ఏమైంది?" అంటున్నాడు. నాకేమీ కనపడటం లేదు. ఇంతలో గాజుల చప్పుడు, మజ్జిగ వాసన. వదిన! వంటశాలలోంచి మజ్జిగ ముంత పట్టుకుని అంతమంది మగవాళ్ళ మధ్యలోంచి స్టేజీ ఎక్కేసింది. నా తల వంచి కళ్ళల్లో మజ్జిగ కొడుతూ, "చేత్తో తుడుచుకోకు అబ్బాయ్! డిప్పలో మిరపకాయ ఉంది. నేనే వేశాను" అంది.

పాడేవాళ్ళ మైకు నా మూతి ముందే ఉంది. వదిన మాట పందిరంతా వినపడింది. వీధిలో కట్టిన మైకుల్లోంచి ఊరంతా వినపడింది. తర్వాత నవ్వు చూడండి. పెళ్ళికూతురు ఏడుస్తూ ఏడుస్తూనే నవ్వింది. తాత మళ్ళీ కూర్చుని మరీ నవ్వాడు. కోటు మీద మజ్జిగ కారుతూ, ముక్కు ఎర్రగా, వదిన చేతుల్లో నా తల. భూమి చీలితే అందులోకి దూకేద్దునన్నంత సిగ్గేసింది. ఆ చేతులు వదిలించుకుందామని గింజుకున్నాను. ఆవిడ వదల్లేదు.

వదిన మేస్టారి వైపు తిరిగింది. "అయ్యా, డిప్ప చేసింది నేను, వాయించింది వాడు. దాన్ని ఊడబెరికి వాడి చెయ్యి వినండయ్యా." ఇదీ మైకులోనే వినపడింది. దాంతో ఇంకా నవ్వారు. మేస్టారు మైకు అవతలికి లాగేశాడు. ఆయన పాపం కోప్పడలేదు. "పోయి కళ్ళు కడుక్కోవోయ్. కబురు చేస్తాలే" అన్నాడు. తర్వాత నా బదులు హార్మోనియం అతను వాయించాడు.

కబురు రాలేదు. వీధిలో పిల్లలు నన్ను చూస్తే కళ్ళు నులుముకుంటూ ఏడుపు నటించేవాళ్ళు. నేను బయటికి పోవడం మానేశాను. వదిన మాట్లాడటం మానేసింది. అది నాకు భరించరానిదైంది. పక్కింటామెకి బదులివ్వదు, అన్నని వేళాకోళం చెయ్యదు. నా కంచంలో అన్నం పెట్టేముందు చేతులు కడుక్కునేది, మళ్ళీ కడుక్కునేది, వాసన చూసుకునేది. అది చూసి నాకు ముద్ద దిగేది కాదు.

ఒకరోజు అన్న ఊరుకోలేక అన్నాడు. "నీ తప్పేం లేదే. అంత అందంగా చేశావు, మొదటి పాట అంత బాగా వాయించాడు. ఊరంతా చూశారు. దిష్టి తగిలింది, అంతే."

వదిన తలెత్తింది. "నిజంగా దిష్టేనంటావా?"

"కాక?"

ఆవిడ లేచి గిటారుకున్న డిప్ప ఊడదీసింది. దిష్టి తీసినప్పుడు మిరపకాయలు తిప్పి నిప్పులో వేస్తాం కదా. ఘాటు వచ్చిందా, దిష్టి లేనట్టే. ఏ ఘాటూ రాకపోతే దిష్టి తగిలినట్టు లెక్క. వదిన ఆ డిప్పని నా చుట్టూ తిప్పింది. తిప్పి పొయ్యిలో పడేసి, తను వాకిట్లోకి పోయి గోడ వైపు తిరిగి నిలబడింది. ఘాటు వచ్చిందో లేదో చూసే ధైర్యం లేదు పాపం.

లక్క భగ్గుమంది. ఆ వెంటనే వచ్చింది, ఘాటంటే ఘాటా! గొంతులో ముళ్ళకంప దూర్చినట్టుంది. నాకు కళ్ళు బైర్లుకమ్మాయి. అన్న కేసి చూశాను. మామూలు రోజునే దగ్గు ఆపుకోలేని మనిషి తుండుగుడ్డ నోట్లో కుక్కుకుని గోడకి ఆనుకున్నాడు. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. మొహం నల్లబడుతోంది. దగ్గలేదు. ఒక్కసారి కూడా దగ్గలేదు.

"ఏమయ్యా?" అంది వదిన బయటి నుంచి. "వచ్చిందా?"

అన్నకి నోరు తెరిచే వీల్లేదు. నా కేసి చూసి చెయ్యి ఊపాడు, నువ్వు చెప్పు అన్నట్టు. ఊపిరి బిగబట్టి నేనే చెప్పాను. "లేదు వదినా. ఏ ఘాటూ లేదు. దిష్టే."

అప్పుడే పక్కింట్లోంచి దగ్గు మొదలైంది. తర్వాత ఎదురింట్లో. "ఎవరే ఆ మిరపకాయలు కాల్చేది? చంపుతారా ఏంటి!" అని పక్కింటామె అరుపు వీధంతా వినపడింది.

వదిన లోపలికొచ్చింది. పొగలో నన్నూ అన్ననీ మార్చి మార్చి చూసింది. మా ఇద్దరికీ కళ్ళమ్మట ధారలు కారుతున్నాయి. ఆవిడ కుండలో కొంగు ముంచి, పిండి, ముందు అన్న మొహం తుడిచింది. తర్వాత నా దగ్గరికొచ్చి, పైకి లేవబోయిన నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"చేత్తో తుడుచుకోకు అబ్బాయ్" అంది.