పార దిగని తోట

ఆంబ్రోస్ లాక్‌యర్ గారికి ఉన్న పట్టింపు ఒక్కటే. ఆయన నలభై ఎకరాల ఆవరణలో ఎవరూ నేల తవ్వకూడదు. ఇంట్లో వెండి పళ్లెం ఎత్తుకుపోయినా క్షమించేవారేమో గానీ, ముల్లంగి విత్తనం కోసం వేలెడు గుంట తీస్తే చాలు, మేడమీది కిటికీలోంచి "ఏయ్! ఏం చేస్తున్నావక్కడ?" అని కేక వినబడేది.

అందుచేత ఆ ఇంట బంగాళాదుంపలు పీపాల్లో పండేవి. గులాబీలు పాత స్నానాల తొట్టెల్లో పూసేవి. బట్టలారేసే గుంజలు రాళ్లు నింపిన బాల్చీల్లో నిలబడేవి. గాలి గట్టిగా వీస్తే దుప్పట్లతో సహా వాగు వైపు ప్రయాణం కట్టేవి.

ఏటా ఆగస్టులో ఊరి పూల పోటీ ఆయన పచ్చికలోనే జరిగేది. డేరాకు మేకులు కొట్టకూడదు కాబట్టి ఊళ్లోకల్లా బరువైన ఎనిమిదిమందిని ఎంచి కూర్చోబెట్టి, తాళ్లు వాళ్ల కుర్చీలకు కట్టేవారు. ఒక ఏడు మాంసం కొట్టు హాబ్‌డే గారు టీ కోసం లేచారు. ఉపన్యాసమిస్తున్న ఫాదరీ గారి మీద డేరా కూలింది.

"హాబ్‌డేకి ఇంకో కప్పు పొయ్యండి, పాపం ఉపన్యాసం ఆపాడు" అన్నారు లాక్‌యర్ గారు.

నేను ఆ ఇంటి పుస్తకాలకు జాబితా రాయడానికి మూడు నెలల పని మీద వెళ్లి పదకొండేళ్లు ఉండిపోయాను. ఊళ్లో నన్ను అందరూ అడిగేది ఒకటే.

"ఏం పాతిపెట్టాడమ్మా మీ దొర? పెళ్లాన్నా?"

"ఆయనకు పెళ్లే కాలేదండీ."

"కాలేదని ఆయనేగా చెప్పింది!"

పంతొమ్మిది వందల అరవై ఒకటో సంవత్సరం వసంతంలో ఈ నవ్వులాట కాస్తా గుండెల మీద కుంపటి అయింది. తోట వెనక చిన్న రాతి ఇంట్లో హెస్టర్ ఆప్లిన్ అనే ఎనభై నాలుగేళ్ల ముసలమ్మ ఉండేది. లాక్‌యర్ గారిని ఉయ్యాలలో ఊపి పెంచిన మనిషి. తోటమాలిని చేసుకుని కొత్త పెళ్లికూతురుగా ఆ ఇంట్లో అడుగుపెట్టి, భర్త పోయాక కూడా అక్కడే ఉండిపోయింది. ఆ ఇంటి వంటగది గొట్టం పగిలి, మురుగు గోడ వెనక మడుగు కట్టింది. ఆరోగ్య శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చి ముక్కు మూసుకుని చెప్పాడు: పదిహేను రోజుల్లో మురుగు పోయే దారి చూపకపోతే ఇంటికి తాళం, ఆమె వృద్ధుల ఆశ్రమానికి.

"గదికి ముగ్గురట. నా టీ నన్ను కాచుకోనివ్వరట" అంది హెస్టర్.

పది గజాల కాలువ తవ్వితే సరిపోతుంది. ఇద్దరు మనుషులకు ఒక పూట పని.

"వీల్లేదు" అన్నారు లాక్‌యర్ గారు.

ఆరు రోజులు ఓపిక పట్టాను. ఏడో రోజు ఆయన గదిలోకి దూసుకెళ్లాను.

"మిమ్మల్ని పెంచిన మనిషి! పది గజాల మట్టి కోసం ఆమెను పంపేస్తారా?"

ఆయన తలుపు మూశారు. కిటికీ మూశారు. సొరుగులోంచి పొగాకు డబ్బా తీసి బల్ల మీద ఒంపారు. ఎరుపూ తెలుపూ బూడిదరంగూ, పాచికలంత రాళ్లు.

"ఒకప్పుడు ఈ దేశాన్ని ఏలిన రోమన్లు, మిస్ కూంబ్. పదహారు వందల ఏళ్ల నాటి ఇల్లు. నా ఇరవయ్యో ఏట, హెస్టర్ ఇంటి గోడ పక్కన నేను ఆపిల్ మొక్క నాటుతుంటే తగిలింది. చిన్న రంగురాళ్లు పేర్చి బొమ్మ తీర్చిన నేల. నేను చూసింది అంచు మాత్రమే. బొమ్మంతా ఆమె ఇంటి కింద ఉంది."

"ఎవరికైనా చెప్పకపోయారా?"

"చెబితే పండితులు వస్తారు. బొమ్మ చూడాలంటే ఇల్లు తీసెయ్యాలంటారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే అంటాను."

"అయితే ఆ ఒక్కచోటే తవ్వొద్దని ఉండాల్సింది!"

ఆయన నా వైపు జాలిగా చూశారు. "ఒక్కచోట వద్దంటే ఊరంతా పారలు పట్టుకుని అక్కడికే వచ్చేది గదమ్మా. అందుకే ఎక్కడా వద్దన్నాను."

నలభై రెండేళ్లుగా పీపాల్లో పండిన బంగాళాదుంపలన్నీ నా కళ్ల ముందు దొర్లాయి.

"మరి ఇప్పుడీ మురుగు సంగతి?" అన్నాను.

ఆయన గదిలో ఏడెనిమిదిసార్లు తిరిగి ఆగిపోయారు. "ఆ రోమన్లకూ వంటిల్లు, దాని మురుక్కి ఓ కాలువ ఉండే ఉంటాయి కదా?"

మర్నాటినుంచి ఆయన సూపు చెంచాతో హెస్టర్ వంటగది గోడ మొదట్లో గోకుతూ కూర్చున్నారు. చెంచా పార కిందికి రాదని ఆయన తీర్పు. నాలుగో రోజు ఒక పలక కదిలింది. కింద రాళ్లు పేర్చిన కాలువ, నిండా బురద. చెయ్యి పట్టినంత మేర తోడారు. అవతలి కొస ఎక్కడ తేలుతుందో దేవుడికే తెలియాలి.

గడువు నాడు ఇన్‌స్పెక్టరు ఆకుపచ్చ రంగు కలిపిన బాల్చీ నీళ్లు కాలువలో పోశాడు. నేల వాలు వాగు వైపే కాబట్టి అందరం వాగు ఒడ్డుకు వెళ్లి నిలబడ్డాం. ఒక నిమిషం. మూడు నిమిషాలు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుని కలం మూత తీశాడు. లాక్‌యర్ గారి ముఖం పాలిపోయింది. అప్పుడు గట్టులోని నాచు కదిలింది. ముందు ఒక కప్ప బయటికి దూకింది, ఒళ్లంతా ఆకుపచ్చ. వెనకే నీళ్లు.

"కప్పలు ఆకుపచ్చగానే ఉంటాయిగా" అన్నాడు ఇన్‌స్పెక్టరు అనుమానంగా. నీళ్లు చూశాక ఒప్పుకున్నాడు. "మంచి పనితనం. ఎవరు కట్టారు?"

"ఇంతకు ముందు ఇక్కడ కాపురమున్నవాళ్లు."

"మా పక్కవీధిలోనూ ఇలాంటి కాలువ కావాలి. వాళ్ల చిరునామా ఉందా?"

"ఊరొదిలి వెళ్లిపోయారండి. మళ్లీ ఉత్తరం ముక్క లేదు."

ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి వెళ్లిపోయాడు. హెస్టర్ కొంగవంటి నడకతో గుమ్మందాకా వచ్చి, చేతులు తుడుచుకుంది.

"బాబుగారూ, ఒకటి చెప్తే కోప్పడరు కదా? సామాన్ల గది మూల పలక పగిలి ముప్ఫై ఏళ్లయింది. కింద బొమ్మ ఉంది. పెద్ద చేప, పక్కన ఎవరో గిరజాల జుట్టు అబ్బాయి. మీకు పాత రాళ్ల పిచ్చి కదా, చూస్తే ఇల్లు తవ్వించేస్తారని భయపడి పైన చాప కప్పి ఉంచాను."

లాక్‌యర్ గారు, అరవై రెండేళ్ల మనిషి, ఒక్క అంగలో గుమ్మం దగ్గర ఉన్నారు.

"చూడొచ్చా, హెస్టర్?"

"బూట్లు విప్పి రండి. ఇప్పుడే తుడిచాను."