వాగులో నీళ్లు తాగినవాడు

మాలకీ టియర్నీ సైన్యం నుంచి బయటపడి మోంటానాలోని మా ఊరికి వచ్చేనాటికి అతనికి ఐర్లండు యాసా పోలేదు, అశ్వదళం నడకా పోలేదు. అద్దె గుర్రాల కొట్టాం వెనక కొలిమి పెట్టుకుని లాడాలు కొట్టేవాడు. పెళ్లి చేసుకోలేదు. రాత్రి భోజనం నా పూటకూళ్లింట్లోనే. బల్ల చివర కూచుని తిని, "బాగుంది హల్డా" అని లేచి వెళ్లిపోయేవాడు.

అతనికి అమెరికా కాంగ్రెస్ పేరిట ఇచ్చే శౌర్యపతకం ఉంది. షయాన్ తెగ ఇండియన్లతో జరిగిన ఒక పోరులో వాళ్ల దళం గుట్ట మీద చిక్కుకుపోయింది. గాయపడ్డవాళ్లు దాహంతో అల్లాడుతుంటే, మాలకీ తూటాల మధ్య వాగులోకి దిగి కెటిల్ నిండా నీళ్లు తెచ్చాడు. ఏటా మే నెల చివర, సైనికుల సమాధుల మీద పూలు పెట్టే రోజున, మేయర్ క్రోవెల్ అతణ్ణి బండెక్కించి ఆ కథ తనే చెప్పేవాడు. ఏడాదికేడాది అందులో చచ్చిన షయాన్లు పెరుగుతూ పోయేవాళ్లు. మాలకీ మాత్రం టోపీ చేత్తో పట్టుకుని, ఎవరి పెళ్లికో పొరపాటున వచ్చినవాడిలా నిలబడేవాడు.

"ఒక్క ముక్క చెప్పవయ్యా సార్జంటూ" అంటే, "నీళ్లు మోశానండీ, అంతే" అనేవాడు. ఎంత వినయమోనని ఊరంతా మెచ్చుకునేది.

ఒక శరత్కాలంలో, సర్కారు షయాన్లకు హద్దులు గీసిచ్చిన రిజర్వేషనుకి సరుకు తోలే వాళ్ల మనిషి ఒకడు కుంటుతున్న గుర్రాన్ని కొలిమికి తెచ్చాడు. పేరు మంచుకాకి. విరిగిన పొయ్యికడ్డీ పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను. అతను మాలకీ మొహాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత ఏదో బరువు మోస్తున్నట్టు వంగి నాలుగడుగులు నడిచాడు. మాలకీ సుత్తి ఆగిపోయింది. మంచుకాకి నేల మీద బోర్లా పడుకుని, మట్టికి నోరానించి అలాగే ఉండిపోయాడు. లేచి తుపాకీ గురిపెట్టినట్టు చేతులు చాచాడు, దించేశాడు. తన గొంతు మీద వేలు పెట్టి చూపించాడు.

మాలకీ దాగలి పక్కనే చతికిలబడ్డాడు.

ఆ సాయంత్రం అందరూ తిని వెళ్లాక అడిగాను. "ఏమంటాడు?"

"ఆ రోజు వాగు అవతలి గట్టు మీద తనే ఉన్నాట్ట." కాఫీ కప్పు తిప్పుతూ కూచున్నాడు. "కెటిల్ ముంచకముందు నేను తాగాను హల్డా. బోర్లా పడి, గుర్రం తాగినట్టు తాగాను. పైన గుట్ట మీద, దెబ్బ తిన్న మా దళంలోని డాసన్ కుర్రాడు అమ్మా అమ్మా అంటూనే ఉన్నాడు. నేను ఎక్కి వెళ్లేసరికి ఆ మాట ఆగిపోయింది."

"మరి అతను కాల్చలేదేం?"

"తనకీ దాహంగా ఉందిట. నేను తాగుతుంటే చూస్తూ ఉండిపోయాట్ట."

ఆ తర్వాత మంచుకాకి సరుకుతో వచ్చినప్పుడల్లా కొలిమి దగ్గర ఆగేవాడు. ఇద్దరూ పొగ తాగుతూ చేతులతో మాట్లాడుకునేవాళ్లు. కొట్టాంవాళ్లు ఊరుకుంటారా, "ఏం సార్జంటూ, బావగారొచ్చారా?" అని ఆటపట్టించేవాళ్లు.

"వచ్చాడు. నీకంటే తక్కువ వాగుతాడు" అనేవాడు మాలకీ. అతను నవ్వగా నేను చూసింది ఆ రోజుల్లోనే.

మరుసటి మే నెలలో, బండి మీద, ఎవరూ అడక్కుండానే నోరు విప్పాడు. ముందు తాను తాగానని, డాసన్ కుర్రాడికి నీళ్లు అందలేదని చెప్పాడు. మేయర్ బాజావాళ్లకు సైగ చేశాడు. ఆపైన అతణ్ణి బండెక్కించినవాళ్లు లేరు. మా బల్ల దగ్గర అతని పక్క కుర్చీ ఖాళీగా ఉండిపోయేది.

ఒక వసంతంలో సరుకు బళ్లు వచ్చాయి, మంచుకాకి రాలేదు. మాలకీ కొలిమి మూసి రిజర్వేషనుకి వెళ్లాడు. తిరిగొచ్చిన రోజు అన్నీ వడ్డించినా ముట్టలేదు.

"దగ్గుతో పోయాట్ట, చలికాలంలోనే. నాకు కబురు పెట్టేదెవరు? కూతురు మాంసం వండి పెట్టింది. ఆమెకు ఆ సంగతేం తెలీదు." కంచం పక్కకు జరిపి అన్నాడు: "ఇంక ఆ రోజు నా ఒక్కడికే మిగిలింది."

"నాకు చెప్పావుగా."

"నువ్వు విన్నావు హల్డా. అతను చూశాడు."

ఆ తర్వాత కూతురే గుర్రాలను తోలుకొచ్చేది. మాలకీ లాడాలు కొట్టి పంపేవాడు, మాటల్లేకుండానే. అలా కొన్నేళ్లు గడిచాయి. ఒక మార్చిలో జ్వరం తగిలి, వారం తిరక్కుండా కన్నుమూశాడు. సమాధి దగ్గర మేయర్ పాత కథే చెప్పాడు. అందులో మాలకీ ఒక్క చుక్క కూడా తాగలేదు.

మంచు కరిగాక మంచుకాకి కూతురు కుంటి గుర్రంతో వచ్చింది. కొలిమి తలుపు తట్టింది. నేను రోడ్డు దాటి వెళ్లాను గానీ ఆమె మాట నాకు రాదు, చేతులతో చెప్పే మాటా రాదు. ఊరికే ఆమె పక్కన నిలబడ్డాను. తాళం వైపు చూసింది, నా మొహం వైపు చూసింది. తల ఊపి, గుర్రం ఎక్కకుండా, దాన్ని మెల్లగా నడిపించుకుంటూ వచ్చిన దారినే వెళ్లిపోయింది.