ఆండాళ్ గారు పట్టుకునే పాదాలు

అమెరికాలోని ట్రాయ్ ఊరి తెలుగువాళ్ళ విందుల్లో పసిపిల్లలు కనబడితే ఆంటీలందరూ బుగ్గలు గిల్లుతారు. పిల్లల డాక్టరు ఆండాళ్ మాత్రం ముందు సాక్సు లాగి పాదాలు పట్టుకుంటుంది. మోకాళ్ళ నొప్పులున్నా చీర కుచ్చిళ్ళు పోగుచేసుకుని కార్పెట్ మీద కూలబడి మరీ. పెద్దవాళ్ళు కాళ్ళు ముట్టుకుంటే పిల్లలకి ఆయుక్షీణమని తల్లులు గొణుగుతారు. ఆవిడ వినిపించుకోదు.

పంతొమ్మిది వందల ఎనభై నాలుగు దాకా ఆవిడకీ ఆ పట్టింపు ఉండేది. ఆ ఆగస్టులో స్నేహితురాలు శశికళ కూతురు మీనా సెలవులకి వెళ్ళి విశాఖపట్నం నుంచి తిరిగి వస్తూనే జ్వరపడింది. తొమ్మిదేళ్ళ పిల్ల, అందరూ దిష్టి తియ్యమనేంత లావు. "ఫీవర్ దిగిపోయిందండీ, ఒళ్ళంతా చెమట పట్టింది. ఇడ్లీ పెట్టెయ్యనా?" అంది శశికళ, చూడ్డానికి ఇంటికొచ్చిన ఆండాళ్‌తో. నుదురు చల్లగా ఉంది. ఉబ్బిన పొట్టని లావే అనుకుని ఆండాళ్ కాఫీ తాగింది. లేస్తూ దుప్పటి సర్దబోతే పిల్ల పాదం చేతికి తగిలింది. ఫ్రిజ్‌లోంచి తీసినట్టుంది. నాడి అందలేదు. జ్వరం దిగాక రక్తంలోని నీరు పొట్టలోకి ఊరిపోయే డెంగ్యూ అది; ఆ నీరు కొవ్వు చాటున దాక్కుంది. ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించడానికి ఆ బొద్దు చేతుల్లో నరం దొరకలేదు. మర్నాటికి మీనా లేదు.

మొన్నటి విందులో కొత్తగా వచ్చిన విద్య, "వద్దండీ, పాప కాళ్ళు మీరు పట్టుకోకూడదు," అంటూ బిడ్డని వెనక్కి లాక్కుంది. ఆండాళ్ చెయ్యి ఆగిపోయింది. పక్కనున్న శశికళ ప్లేటు కింద పెట్టి, వంగి, ఆ పాప సాక్సు తనే విప్పింది.