నేను పాస్ చేయని జాకెట్టు

బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్టును మొదటిసారి చూసినప్పుడు నేనూ అందరిలాగే మోసపోయాను. పేరే అది కదా, ఇక దేనికీ భయం లేదనుకున్నాను. పనిలో చేరిన వారానికే అసలు సంగతి తెలిసింది. పిస్తోలు తూటాను ఆపే జాకెట్టు రైఫిలు తూటాను ఆపలేదు. ఆపిన తూటా కూడా వెనకున్న పక్కటెముకను విరగ్గొట్టవచ్చు. అందుకే పరీక్ష చేసేటప్పుడు జాకెట్టు వెనక నూనె కలిపిన మెత్తటి మట్టి పెడతారు. తూటా ఆగినా మట్టిలో ఎంత లోతు గుంట పడిందో చూస్తారు. ఆ గుంటను కొలిచి కాగితం మీద సంతకం పెట్టడమే నా ఉద్యోగం.

రాయదుర్గంలో అద్దాల టవర్ల వెనక ఒక రేకుల షెడ్డులో ఉండేది మా కంపెనీ. నేను గోపన్‌పల్లి పిల్లను, పాలిటెక్నిక్ చదివాను. మా అమ్మ ఇంటి ముందరి గదిలో బ్లౌజులు కుట్టేది. అవి తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. ఇవాళ బంద్ అంటే రేపు ర్యాలీ. సభలకు వచ్చే ఆడవాళ్లను తనిఖీ చేసే మహిళా కానిస్టేబుళ్లకు కూడా జాకెట్లు కావాలని మాకు ఆర్డరొచ్చింది. మా మేనేజరు కడప నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్న మనిషి. మగవాళ్ల జాకెట్లలోంచి చిన్న సైజు ఒకటి తీసి, "ఆడోళ్లకు ఇదే" అన్నాడు. సమస్య అంతటితో తీరిపోయిందనే ఆయన నమ్మకం.

కొలత చూడటానికి ఒక కానిస్టేబులక్క వచ్చింది. చందానగర్‌లో కిరాయికి ఉండేది. జాకెట్టు తొడుక్కుని చేతులు పైకెత్తగానే అది గడ్డం దాకా లేచింది. చంకల పక్కన నా అరచేయి దూరేంత సందు.

"ఊపిరి సుత ఆడుతలేదు చెల్లె," అంది. "గిది నన్ను కాపాడుడు పక్కనపెట్టు, దీన్నే నేను కాపాడాలె."

"మంచిగ చేసిస్త అక్కా, నువ్వు ఫికర్ చెయ్యకు," అని మాట ఇచ్చేశాను.

ఇంటికెళ్లి చెబితే అమ్మ నవ్వింది. "రొమ్ముల కాడ డాట్లు పెట్టకుంటే ఎట్ల కూసుంటది బిడ్డా? గంత చదువు చదివినవ్, గిది తెల్వదా?" డాట్లంటే ఒంటి వంపు కోసం బ్లౌజు గుడ్డను మడిచి వేసే కుట్లు. మా గుడ్డ పొర మీద పొర, అట్టలా ఉంటుంది, మడత పడదు. అందుకని ఆ ముక్క మేర కోసేసి, అంచులు కలిపి కుట్టించాను. అక్క మళ్లీ వచ్చి తొడుక్కుంది. చేతులెత్తి చూసింది, వంగి చూసింది, కుర్చీలో కూర్చుని లేచింది. "ఇగో, గిది నాది," అంది. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద లేవు.

ఫైరింగ్ షెడ్డులో పరీక్ష జరిగింది. మట్టిని చదునుగా పెట్టెలో నింపి, దాని మీద జాకెట్టు కట్టి కాల్చారు. తూటాలు ఆగాయి, గుంటలు హద్దులోనే ఉన్నాయి. మేనేజరు కాగితం నా ముందు పెట్టాడు. సంతకం పెట్టకుండా మట్టి పెట్టె దగ్గరికి వెళ్లి చూశాను. జాకెట్టు వంపు తిరిగి ఉంది, మట్టేమో పలకలా ఉంది. ఒక్క తూటా కూడా కుట్టు దరిదాపుల్లోకి పోలేదు.

"సార్, మట్టిని ఒంటి ఆకారంలో చేసి, డాటు మీద కాల్చాలి," అన్నాను.

"ఏ ఆకారం?"

"ఆడదాని ఆకారం సార్."

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. షెడ్డులో ఉన్న మగవాళ్లందరికీ ఒక్కసారిగా బయట పనులు గుర్తొచ్చాయి. మట్టి ముట్టుకునేవాడు లేడు. కుట్టు మిషన్ల దగ్గరి ఇద్దరు ఆడవాళ్లను పిలుచుకొచ్చాను, ముగ్గురం కలిసి రొమ్ములు చేశాం. అవగానే మేనేజరు ఎక్కడినుంచో ఒక తువ్వాలు తెచ్చి దాని మీద కప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "తూటాకు సిగ్గుండదు సార్," అని తువ్వాలు లాగి పారేశాను.

మొదటి తూటా ఆగింది. రెండోది నా కుట్టు మీద తగిలింది. జాకెట్టు విప్పి చూస్తే, ఎడమ రొమ్ము కింద మట్టిలో వేలు దూరే రంధ్రం. అన్ని పొరలనూ ఒకే చోట కోసి, ఒకే గీత మీద కుట్టించిన తెలివి నాదే. తూటాకు నేనే తలుపు తీసి పెట్టాను. అక్క తొడుక్కుని మురిసిపోయిన జాకెట్టు అది. అప్పుడు సిగ్గేసింది నాకు.

"కుట్టు మీదే గురి పెట్టి ఎవడు కాలుస్తాడమ్మా?" అన్నాడు మేనేజరు. "చదును మట్టి మీద పాసైంది, రూలు అంతవరకే. తీసుకునేవాళ్లకే లేదు బాధ, కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

"దురద కత్తిపీటకు కాదు సార్, తిన్నోళ్ల గొంతుకైతది."

"మీవాళ్లు బయట పోలీసులతో కొట్లాడతాంటే, నువ్వు లోపల పోలీసుల కోసం నాతో కొట్లాడతావా?"

"రెండూ చేస్త సార్. పొద్దుగాల ర్యాలీకి పోయే వచ్చిన. ఆ ఖాకీ బట్టల్ల ఉన్నది సుత మా అక్కనే."

సంతకం పెట్టకపోతే రేపటినుంచి రావద్దన్నాడు. కాగితం తీసుకుని ఫెయిల్ అని రాశాను. ఎక్కడ అన్న గడి దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు తగ్గించి, "ఛాతీ అని రాయమ్మా, చాలు," అన్నాడు. నేను "ఎడమ రొమ్ము కింద, కుట్టు మీద" అని తెలుగులోనే రాసి, సంతకం పెట్టాను. "రేపొస్త సార్. గేటు కాడ ఆపుతే ఆపుర్రి," అని చెప్పి వచ్చేశాను. మర్నాడు గేటు దగ్గర ఎవరూ ఆపలేదు.

కష్టమంతా అక్కకు చెప్పడంలోనే ఉంది. పరీక్ష జరిగిన సాయంత్రమే చందానగర్ వెళ్లి, గడపలోనే నిలబడి చెప్పాను. "అక్కా, అది పనికిరాదు. తప్పు నాదే." ఆమె తిట్టినా బాగుండేది. "సభ కాడ నా డ్యూటీ ఆదివారం," అంది, అంతే.

తర్వాత్తర్వాత ఒక్కో పొర కుట్టు ఒక్కో చోట పడేలా కోయడం నేర్చుకున్నాం. ఇంకా తర్వాత, అసలు కోయకుండా అచ్చులో నొక్కి వంపు తెచ్చే పద్ధతి వచ్చింది. చంకల దగ్గర ఇప్పటికీ మేం పూర్తిగా గెలవలేదు. అదంతా ఏళ్ల తరబడి పని. ఆదివారం అన్నేళ్లు ఆగదు కదా.

ఆదివారం నేనూ జెండా పట్టుకుని సభకు వెళ్లాను. ఆడవాళ్ల వరుస చివర తనిఖీ చేస్తున్నది ఆమే. ఒంటి మీద ఉత్త ఖాకీ అంగీ. మగవాళ్ల జాకెట్టు ఇస్తే వద్దని స్టేషన్‌లోనే వదిలేసి వచ్చిందట. నా వంతు రాగానే సంచి ఆమె ముందు పెట్టాను. ఆమె నా సంచి వెతుకుతూ, తల ఎత్తకుండానే అంది.

"మొఖం గట్ల పెట్టకు చెల్లె. పైన జాకెట్టు లేదని నాకు ఎరుకే, అందుకే నాలుగు దిక్కులు చూసుకుంటున్న. నువ్వు సంతకం పెట్టి ఇచ్చినవనుకో, ధీమాగ నిలబడి సచ్చేదాన్ని."

సంచి నా చేతికిచ్చి, నా వెనకున్నావిడను ముందుకు రమ్మంది.