పేరు రాసుకోనిదే పంపని సర్వర్

మొన్న మా కోడలు మిక్సీ కొందామని ఫోను ముందేసుకుని కూర్చుంది. "అత్తమ్మా, దీనికి నాలుగున్నర స్టార్లున్నయ్, ఇదే తీసుకుందామా?" అంది. ఆ స్టార్లు పెట్టినవాళ్లు మిక్సీ కొనుక్కున్నారా, వాళ్లకు ఊరికే వచ్చిందా అని అడిగాను. "మీకు అన్నీ అనుమానాలే" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ. ఈ అనుమానం వల్లే ఒకప్పుడు నా ఉద్యోగం ఊడినంత పనైంది.

హైదరాబాదులో సందుకో కంప్యూటర్ కోచింగ్ బోర్డు లేస్తున్న రోజులవి. నేను రోజూ చేవెళ్ల నుంచి బస్సులో వెళ్లి ఒక కంప్యూటర్ మాసపత్రికలో పని చేసేదాన్ని. చేరి మూడు నెలలే అయింది. ఇంకో మూడు నెలల్లో పర్మినెంట్ చేయకపోతే చచ్చినట్టు మా బాపు కిరాణా దుకాణంలో గల్లా మీద కూర్చోవాలి, ఆ షరతు మీదే పంపించాడు. అప్పుడే ఒక కంపెనీ కొత్త వెబ్ సర్వర్ తయారుచేసింది. మనం ఇంటర్నెట్లో ఏదైనా పేజీ అడిగితే, దాన్ని తీసి పంపించే సాఫ్ట్‌వేర్ అన్నమాట. ఊరికే దొరికే సర్వర్ ఒకటి అప్పటికే చాలామంది వాడుతున్నారు. డబ్బు పెట్టి కొనాల్సిన తమది దానికి మూడింతలు వేగమని, అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్‌కు వస్తే కళ్లారా చూపిస్తామని కంపెనీవాళ్లు పిలిచారు. మా ఎడిటర్ నన్ను పంపుతూ, "వాళ్లు నాలుగు పేజీల యాడ్ ఇస్తున్నరు. మంచిగ చూసి మంచిగ రాయమ్మా" అన్నాడు. రెండో 'మంచిగ'ను కాస్త నొక్కాడు.

మిగతా పత్రికలవాళ్లు సిటీ నుంచి కంపెనీ కార్లలో వచ్చారు. నేను బస్సు దిగి మట్టిరోడ్డు మీద నడిచి వెళ్లాను. గేటు దగ్గర కనకమామిడి నుంచి వచ్చి పనిచేసే ముసలి వాచ్‌మన్ రిజిస్టర్ పట్టుకుని కూర్చున్నాడు. ముందు పెరుగు క్యాన్లవాడు, వాడి వెనక టెంట్‌హౌస్ వాళ్లు, వాళ్ల వెనక నేను. "పేరేంది బిడ్డా? ఏ ఊరు? ఎవరింటి పిల్లవు?" "మీటింగ్‌కొచ్చిన తాతా, జర తొందరున్నది." "ఎవలైనా గంతే. పేరు రాయంది లోపటికి ఇడ్వొద్దన్నడు సారు." ఒక్కో అక్షరం దిద్దినట్టు రాస్తున్నాడు. ఇంతలో కార్లు హారన్ కొట్టుకుంటూ పక్క గేటు నుంచి నేరుగా లోపలికి పోతున్నాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

లోపల చల్లటి హాలు, బల్ల మీద రెండు కంప్యూటర్లు, వెనక నుంచి బిర్యానీ ఘుమఘుమలు. టై కట్టుకున్న కంపెనీ ఆఫీసర్ బటన్ నొక్కాడు. తెర మీద వాళ్ల సర్వర్ వేగం చూపే గీత సర్రున పైకి లేచింది. ఊరికే దొరికేదాని గీత కింద పాకుతోంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ చేతులెత్తాను, కానీ కొట్టలేకపోయాను. ఆ ఊరికే దొరికేదాన్నే మా ఆఫీసులో రోజూ వాడుతున్నాను, అంత బద్ధకం దానికెప్పుడూ లేదు. ఇక్కడ మాత్రం ఎవరినో ఆపి పేరు అడుగుతున్నట్టు ఆగి ఆగి నడుస్తోంది. టక్కున గేటు గుర్తొచ్చింది.

"సార్, ఆ ఫ్రీ దాని సెట్టింగ్స్ ఫైలు ఒక్కసారి తెరువుండ్రి" అన్నాను.

"లంచ్ రెడీగా ఉన్నది మేడమ్, తర్వాత చూద్దాం."

"బిర్యానీ ఎటు పోదు సార్. ఫైలు తెరువుండ్రి."

అందరూ నావైపు తిరిగారు. తప్పక తెరిచాడు. నేననుకున్నదే ఉంది. పేజీ అడిగిన ప్రతి కంప్యూటర్ పేరూ కనుక్కుని రాసుకున్నాకే తర్వాతి పని చూడమని ఒక లైన్, దాని పక్కన 'ఆన్'. వాళ్ల సొంత సర్వర్ ఫైలూ తెరిపించి చూస్తే, అదే లైన్ 'ఆఫ్'.

"గేటు కాడ తాత చేసే పనే దీంతోని చేయిస్తున్నరు గదా సార్! మీ దానికేమో కార్ల గేటు! ఆ 'ఆన్' తీసి మళ్ల నడపుండ్రి. అప్పుడు గూడ మీదే గెలిస్తె, మీరు చెప్పినట్టే రాస్త."

అనేశాను గానీ, ఆ యాడ్ పోతే పోయేది నా ఉద్యోగం. వెనక వరసలోంచి ఎవరో, "పెట్టుండ్రి సార్, మేము గూడ చూస్తం" అన్నారు. ఆఫీసర్ ఆ 'ఆన్' తీసి, బటన్ నొక్కాడు. ఊరికే దొరికేదాని గీత లేచింది, లేచి లేచి వాళ్ల గీతను దాటేసింది. వెనక ఎవరో ఈల వేశారు. ఈసారి అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే. ఎంత సంతోషమంటే, బిర్యానీ రెండు ప్లేట్లు తిన్నాను.

రాయడానికి కూర్చున్నాక నా మీద నాకే అనుమానం వచ్చింది. ఊరికే దొరికేదే గెలవాలని నాకెందుకంత పంతం? గేటు దగ్గరి కోపం కలంలోకి దిగుతోందేమో! అందుకని మళ్లీ ఆఫీసులో రెండింటినీ సమానంగా అమర్చి చూశాను, అక్కడా ఊరికే దొరికేదే గెలిచింది. అయితే డబ్బు పెట్టి కొనేదాన్ని కంప్యూటర్‌లో ఎక్కించుకోవడం చాలా సులువు, ఆ మాటా రాశాను. మొదటి వాక్యం మాత్రం ఇది: 'ఈ వ్యాసం రాసినామె ఆ కంపెనీవాళ్ల బిర్యానీ రెండు ప్లేట్లు తిన్నది.'

ఎడిటర్ చదివి కళ్లద్దాలు తీశాడు. "నాలుగు పేజీలు పోతయ్" అన్నాడు. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "పోతె పోనీ. నువ్వు మాత్రం ఆ బిర్యానీ లైను తీసెయ్యకు" అన్నాడు. యాడ్ పోయింది. మిగిలిన మూడు నెలలు చూడకుండానే, ఆ నెలాఖరుకే నన్ను పర్మినెంట్ చేశాడు.

ఆ రెండు సాఫ్ట్‌వేర్లూ ఏడాది తిరక్కుండానే మారిపోయాయి, నేను అంత కష్టపడి రాసిన అంకెలు పాత క్యాలెండర్ పాటి చేయకుండా పోయాయి. పాతికేళ్లు దాటినా, ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నా గొంతు ఆ రోజంత గట్టిగానే లేస్తుంది.