ఒక మెట్టు పైకెక్కించి పిలిచాను

"ఎందుకట్ల చెప్పినవే లచ్చీ?" అని అడిగింది రాజవ్వ.

"నీ మర్యాద కోసమే చెప్పిన, అవ్వా" అన్నాను.

మా ఇద్దరి మధ్య నడిచిన చివరి మాటలు అవే. ఆమె సద్దిగిన్నె కొంగున మూటగట్టుకుని, కార్ఖానా గేటు దాటి, హసన్‌పర్తి బాట పట్టింది. నేను గేటు దగ్గరే నిలబడిపోయాను.

ఈ వేళ మా గల్లీలోకి దూదేకులాయన వచ్చాడు. పక్కింటివాళ్ల పరుపు కోసం కొత్త పత్తి ఏకుతున్నాడు. ఆ వింటినారి చప్పుడు, గాలిలో తేలే నూగు, పచ్చి పత్తి వాసన గడప దాటి లోపలికి రాగానే నేను తింటున్న అన్నం మీద చెయ్యి ఆగిపోయింది. ఏమైంది అమ్మమ్మా అని మనవరాలు పద్మ కంగారుపడింది. చెప్తాను, నువ్వు రాయి అన్నాను. నాకు నా పేరు రాసుకోవడం తప్ప అక్షరం రాదు.

నిజాం జమానా, జర్మనీ యుద్ధం నడుస్తున్న రోజులవి. నెక్కొండలో నా మొగుడు విషజ్వరంతో పోయాడు. అప్పటికి నాకు ఇరవై ఏళ్లు నిండాయో లేదో. అన్న వెంట వరంగల్ వచ్చి జిన్నింగ్ కార్ఖానాలో పనికి కుదిరాను. ఆ కార్ఖానా ఇప్పుడు లేదు, గోడలు కూడా లేవు. పెద్ద రేకుల షెడ్డు, అటూ ఇటూ రెండు వరుసల్లో మరలు. ఒకే ఇంజన్ ఒక పొడుగాటి ఇనుప కడ్డీని తిప్పేది, దాని మీది నుంచి ఒక్కో మరకు ఒక్కో తోలు పట్టా. ఆడవాళ్లం మర ముందు కూర్చుని పత్తి అందిస్తుంటే దూది ఒక దిక్కు, గింజలు ఒక దిక్కు పడేవి. మా ఎడమ వరుస ఆడవాళ్లకు మేస్త్రి రాజవ్వ. యాభై దాటిన మనిషి, గారపళ్లు, చెవులకు పెద్ద గెంటీలు. ఎవరు ఏ మర దగ్గర కూర్చోవాలో, ఎవరు బుట్టలు మోయాలో ఆమె చెప్పేది.

పొద్దున ఇంజన్ మొదలుపెట్టగానే తొలి బుట్ట ముత్తైదువ చేతితో పోయించడం అక్కడి ఆచారం. నేను చేరిన మొదటి రోజు మూలకు ఒదిగి నిలబడ్డాను. అయినా నా బోడి నుదురు చూసి, ఇంజన్ మొదలయ్యే వేళకు ఇదెందుకు ఎదురొచ్చిందని ఒకరిద్దరు గొణిగారు. రాజవ్వ వినీ విననట్టు తొలి బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది.

"బుట్ట మోసేది చెయ్యి. బొట్టు గాదు. ఎత్తు బిడ్డా."

ఎత్తాను. బుట్ట ఒరిగి సగం పత్తి కిందపోయింది. కిందపోయినదాన్ని ఆమే వంగి ఏరి మరలో వేసింది. ఆ రోజు ఏ పట్టా తెగలేదు, ఏ మరా ఆగలేదు. మరునాటి నుంచి తొలి బుట్ట నాదే అయింది. మొగుడు పోయాక నన్ను మనిషిగా లెక్కేసిన మొదటి మనిషి ఆమె.

మా దిక్కు ఎవరినీ ఉన్న హోదాతో పిలవరు. జవానును జమేదారంటారు. మందులు కలిపేవాణ్ణి డాక్టరు సాబంటారు. ఒక మెట్టు ఎక్కించి పిలిస్తే అవతలి మనిషి మొహం విప్పారుతుంది, మన పనీ అవుతుంది. అట్లాగే మేమందరం రాజవ్వను సూపర్‌వైజరమ్మా అనేవాళ్లం. ఆమె గుప్పెడు దూది మా మొహాన కొట్టి, మాటలు ఆపి పత్తి అందియ్యుండ్రే అని తిట్టేది. తిడుతూనే నవ్వేది. ఆ పిలుపు ఆమెకు ఇష్టమేనని నాకనిపించేది. అసలు సూపర్‌వైజరు వేరే ఉన్నాడు. తెల్ల టోపీ పెట్టుకుని పొద్దున ఒకసారి, మాపున ఒకసారి కనిపించేవాడు. ఒకనాడు సద్ది తింటూ, మేస్త్రికీ సూపర్‌వైజరుకూ తేడా ఏముంది, ఇద్దరూ మమ్మల్ని చెయ్యమనే వాళ్లే కదా అని అడిగాను. ఆమె నవ్వలేదు.

"మేస్త్రి పని చూపిస్తది. సూపర్‌వైజరు పనికి జవాబు చెప్తడు. మేనేజరు జవాబు అడుగుతడు. నాది చూపిచ్చుడే బిడ్డా. జవాబు చెప్పుడు నా జీతంల లేదు."

మరి కార్ఖానా యజమాని శేటు సంగతేమిటన్నాను. ఆయన అడగడూ చెప్పడూ, ఆయనకు దూది బేళ్లు తప్ప మనం కనబడమని చెప్పి చెయ్యి కడుక్కుంది. నేను ఆ మాటలు విన్నాను, తలకాయ ఊపాను. మనసులో మాత్రం పెట్టుకోలేదు.

ఆ ఏడు నా పక్క మర పట్టాకు అడ్డంగా ఉండే చెక్క పలక విరిగింది. రాజవ్వ సూపర్‌వైజరుకు చెప్పింది. ఫిట్టరు వస్తాడన్నాడు. రాలేదు. మళ్లీ చెప్పింది. అంతదాకా ఆ మర దగ్గర ఎవరినీ కూర్చోబెట్టనంది. మర ఖాళీగా ఉండొద్దని సూపర్‌వైజరే బుట్టలు మోసే ఎల్లమ్మను తెచ్చి కూర్చోబెట్టి పోయాడు. మూడో రోజు ఎల్లమ్మ గింజల కోసం వంగినప్పుడు కొంగు పట్టాలో పడింది. కొంగుతోపాటు చెయ్యి. రాజవ్వ ఇంజన్ దగ్గరికి ఉరికి ఆపించేలోపల అంతా అయిపోయింది. ఎల్లమ్మ బతికింది. దవాఖానలో మోచేతి దాకా కుడిచెయ్యి తీసేశారు. నా ముందున్న దూది ఎర్రగా ఉంది. నేను అరవలేదట, ఇంజన్ ఆగినా ఊరికే పత్తి అందిస్తూ కూర్చున్నానట. ఆ సంగతి తర్వాత వాళ్లూ వీళ్లూ చెబితేనే తెలిసింది.

రెండు రోజులకు సర్కారు ఇన్‌స్పెక్టరు రైలు దిగి వచ్చాడు. కార్ఖానా కచేరి వరండాలో కుర్చీలు వేశారు. కార్ఖానా రాతకోతలు చూసే మున్షీ మా మాటలు ఉర్దూలో రాస్తున్నాడు. సూపర్‌వైజరు స్తంభం చాటున నిలబడ్డాడు. రాజవ్వ వరండా కింద, ఎండలో, చెప్పులు లేకుండా నిలబడి ఉంది. మేనేజరు ఆమెను చూసి, ఏయ్ ముసల్దానా, దూరం జరుగు అన్నాడు. ఇన్‌స్పెక్టరు నన్ను పిలిచి, పక్కన కూర్చునేదానివి నువ్వే కదా, ఆ ముసలామె ఎవరని అడిగాడు. మేస్త్రి అంటే చాలు. కానీ అంతమందిలో ఆమెను చులకన చేశారు, నేను ఆమె తల నిలబెట్టాలి అనుకున్నాను.

"ఆమె మా సూపర్‌వైజరమ్మ, దొరా. ఆమె మాట లేంది మేం చెయ్యి కదపం" అన్నాను.

మేనేజరు సూపర్‌వైజరు వంక ఒక్కసారి చూశాడు. మున్షీ కలం చకచకా నడిచింది. ఏం రాశాడో చదివి వినిపించలేదు. నా బొటనవేలు పట్టి సిరాలో ముంచి కాగితం మీద ఒత్తాడు. నేను గొప్ప పని చేసినట్టు రాజవ్వ దిక్కు చూశాను, నవ్వుతుందేమోనని. ఆమె మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది.

మరునాడు పొద్దున మా అందరి ముందే మేనేజరు ఆమెతో అన్నాడు. ఆ వరుసకు సూపర్‌వైజరువు నువ్వేనట, నీ కూలోళ్లే వేలిముద్ర వేసి చెప్పారు, పలక విరిగితే చూసుకోవాల్సిందీ నువ్వే, ఇక రావొద్దు అని. నా చెవుల్లో ఇంజన్ హోరు తప్ప ఏమీ వినబడలేదు. ఇంజన్ ఇంకా మొదలే కాలేదు. మున్షీ కాళ్ల మీద పడ్డాను. మేస్త్రి, మేస్త్రి అని రాయండి, మర్యాదకు అట్లా పిలుస్తాం గానీ ఆమె మేస్త్రేనని మొత్తుకున్నాను.

"వేలు పడ్డంక మాట మారదు. ఇన్‌స్పెక్టరు సాబ్ బండెక్కి పోయిండు. నీ మర దగ్గరికి పో" అన్నాడు.

అప్పుడు గేటు దగ్గరికి ఉరికాను. మొదట్లో చెప్పిన రెండు మాటలూ అక్కడివే. నేను షెడ్డులోకి తిరిగొచ్చేసరికి సూపర్‌వైజరు మా వరుసలో నిలబడి, తొలి బుట్ట ఎత్తమన్నాడు. నా చేతులు లేవలేదు. ఆ రోజు అది ఎవరు ఎత్తారో నాకు గుర్తులేదు.

తర్వాత హసన్‌పర్తి పోయి వెతికాను. నర్సంపేట దిక్కు బిడ్డ దగ్గరికి పోయిందని చెప్పారు. ఆ ఊరి పేరు వాళ్లకూ తెలియదు. మళ్లీ కలవలేదు.

ఆనాటి నుంచి నేను ఎవరినీ మెట్టు ఎక్కించి పిలవను. నర్సును డాక్టరమ్మా అనను. చప్రాసిని సారూ అనను, తమ్మీ అంటాను. పొగరుమోతు ముసల్ది అంటారు. అననీ. పేరు రాసుకోవడం నేర్చుకున్నది కూడా అందుకే, ఇంకెవరూ నా వేలు పట్టుకోకూడదని. పేరు రాసేముందు కాగితం చదివించుకుంటాను.

రాసినవా పద్మా? ఆమెను ఏమని రాసినవు? మేస్త్రి అనే ఉన్నదా? జర మొదటి నుంచి చదువు బిడ్డా. ఆనాడు నాకెవ్వరూ చదివి వినిపించలేదు.