గ్లవ్స్ అయిపోయిన స్టాలు

ఆ రోజుల్లో అమెరికాలో ఫుట్‌బాల్ ఆటకి వెళ్ళొచ్చినవాళ్ళు రెండు రకాలుగా ఉండేవారు. ఆట చూసొచ్చినవాళ్ళు కొందరు, హాట్‌డాగ్ కోసం క్యూలో నిలబడి వచ్చినవాళ్ళు కొందరు. ఇప్పటికీ అంతే అనుకోండి. మా అబ్బాయి చదివే కాలేజీలో ఆటకి వెళ్ళినప్పుడల్లా తిండి స్టాలు ముందు జనం పళ్ళు నూరుతుంటారు. అరగంట నిలబెట్టి చల్లారిన బన్ను చేతిలో పెట్టారనీ, ఈలోగా టచ్‌డౌన్ కొట్టేస్తే ఆ పాయింట్లు చూడలేకపోయామనీ. మా ఆవిడ కూడా వాళ్ళతో గొంతు కలుపుతుంది. నేను మాత్రం నోరెత్తను. ఒకప్పుడు నేను ఆ కౌంటరుకి లోపలివైపు నిలబడినవాణ్ణి. ఆ కథని ఇన్నేళ్ళుగా ఎన్నో ఇళ్ళలో, ఎన్నో విందుల్లో చెప్పి నవ్వించాను. చెప్పినదంతా తప్పు. అసలు జరిగింది ఇది.

నేను ఎమ్మెస్ చేసిన యూనివర్సిటీలో స్టేడియం స్టాళ్ళని నడిపేది జీతగాళ్ళు కాదు, విద్యార్థి సంఘాలు. ఆట రోజున సంఘం మనుషులు వచ్చి ఊరికే పనిచేస్తే, అమ్మకంలో కొంత భాగం సంఘానికి ఇస్తారు. ఉగాది పండుగ ఖర్చుకి పనికొస్తుందని మా తెలుగు సంఘం కూడా ఒక స్టాలు తీసుకుంది. సంఘానికి అధ్యక్షుణ్ణి నేనే. (పోటీ చేసి గెలిచానని అనుకోకండి. మీటింగ్ రోజున మిగతావాళ్ళందరికీ అసైన్‌మెంట్ ఉంది.) నాతోపాటు నా రూమ్మేట్ వచ్చాడు. వాడు ఎవరినైనా 'బావా' అనే పిలిచేవాడు కాబట్టి అందరికీ వాడే బావ. గోదావరి జిల్లావాడు. చేపల పులుసు లేని అన్నం కూడా ఒక అన్నమేనా అనే మనిషి. ఆ రోజు మా అందరికీ అది సరదా. బావకి మాత్రం కాదు. వాళ్ళ నాన్నగారి వ్యాపారం దెబ్బతింది. క్యాంపస్‌లోనే ఉద్యోగం ఏదైనా దొరికితే తప్ప వచ్చే సెమిస్టర్ అక్కడ చదవలేడు. స్టాళ్ళన్నిటినీ చూసుకునే సూపర్‌వైజర్ ఒక తెల్లజుట్టు భారీ మనిషి. మేము ఆవిణ్ణి మాలో మేము పెద్దమ్మ అనుకునేవాళ్ళం. వారం ముందే బావ ఆవిడ దగ్గరికి వెళ్ళి అడిగొచ్చాడు. "శనివారం నీ పని చూస్తాను. బాగుంటే స్టేడియం కిచెన్‌లో నీకు చోటు ఉంది" అని ఆవిడ మాటిచ్చింది.

శనివారం పొద్దున పెద్దమ్మ మా అందరికీ ఏప్రాన్లు ఇచ్చి, "మాంసం ముట్టుకోవడానికి ఎవరికైనా ఇబ్బందా?" అని అడిగింది. నాకు ఇబ్బందే. పుట్టి బుద్ధెరిగాక నేను గుడ్డుని కూడా చేత్తో పట్టుకోలేదు. కానీ అధ్యక్షుణ్ణి, పైగా పక్కన ఆ సెమిస్టర్ కొత్తగా వచ్చిన అమ్మాయిలు నిలబడి ఉన్నారు. "నో ప్రాబ్లమ్ మ్యామ్, హాట్‌డాగ్స్ నేను చూసుకుంటాను" అన్నాను.

బావ నా చెవిలో గొణిగాడు. "ఒరే బావా, నీకెందుకా గొడవ? నువ్వు కోకులు పొయ్. మా ఇంట్లో చేపలు తోమిందంతా నేనే. ఆ పని నాకొదిలెయ్."

"నీ ఇంగ్లీషు బాగుంటుంది బావా, నువ్వు కౌంటర్లో ఉండు" అన్నాను. (వాడి ఇంగ్లీషు గురించి ఇంత అబద్ధం అంతకుముందు ఎవరూ ఆడలేదు.)

ఆట మొదలైంది. మా నాయనమ్మ మడి కట్టుకున్నాక ఎవరి చెయ్యి తగిలినా మళ్ళీ స్నానం చేసేది. నేను చేసింది సరిగ్గా అదే, నీళ్ళకి బదులు గ్లవ్స్. చేతికి రెండేసి గ్లవ్స్ తొడిగి, ఊపిరి బిగబట్టి, సాసేజ్‌ని బన్నులో పడేసి, ఆ గ్లవ్స్ విప్పి పారేసి, కొత్తవి తొడిగి, అప్పుడు ఊపిరి పీల్చుకుని రెండోదానికి వెళ్ళేవాణ్ణి. చెమట చేతులకి గ్లవ్స్ ఎక్కవు. వేళ్ళు ఒకదాంట్లో రెండు దూరతాయి. కౌంటర్ నుంచి బావ "రెండు హాట్‌డాగ్స్ బావా! మూడు బావా! ఏంటి బావా, పొయ్యి ఆరిందా?" అని కేకలేస్తున్నాడు. క్యూ స్తంభం చుట్టూ తిరిగి మెట్లదాకా పాకింది. ఆ సమయంలో పెట్టెలో చెయ్యి పెడితే అట్ట తగిలింది. గ్లవ్స్ అయిపోయాయి. గ్లవ్స్ లేకుండా తిండి ముట్టుకోకూడదన్నది అక్కడి మొదటి రూలు.

"ఇంకో పెట్టె ఉండాలి కదా బావా?" అంటూ లోపలికి వచ్చాడు బావ.

"అది కూడా అయిపోయింది."

వాడు చెత్తడబ్బా వైపు చూశాడు. అందులో గ్లవ్స్ తెల్లగా గుట్టపడి ఉన్నాయి. నా మొహం వైపు చూశాడు. నవ్వలేదు, తిట్టలేదు. "ఆయ్, సరే. నువ్వు పెద్దమ్మకి కబురు పంపు. జనం సంగతి నేను చూస్తా" అని మళ్ళీ కౌంటర్లోకి వెళ్ళాడు.

ఆ తర్వాత వాడు చేసింది నేను ఎన్ని వందలసార్లు అభినయించి చూపించానో. ఎర్ర జెర్సీ వేసుకున్న ఒకాయన "నా హాట్‌డాగ్ ఏదయ్యా?" అని బల్ల గుద్దితే, వాడు తాపీగా "సార్, ఫ్యామిలీ అంతా బాగున్నారా? అబ్బాయి ఆడుతున్నాడా, చూస్తున్నాడా?" అని అడిగాడు. ఒకావిడకి కబడ్డీ గురించి చెప్పాడు. "సేమ్ గేమ్ మ్యామ్. మాకు బంతి కొనే ఖర్చు లేదు, అంతే తేడా." కూత ఎలా పెట్టాలో కూడా చూపించాడు. కొందరు నవ్వారు, ఇద్దరు ముగ్గురు వాడితోపాటు కూత పెట్టారు. ఇంతలో పైన స్టేడియం అంతా ఒక్కసారిగా హోరెత్తింది. టచ్‌డౌన్. క్యూలో ఉన్నవాళ్ళెవరూ చూడలేదు. ఇక కబడ్డీ పనిచెయ్యలేదు. "ఇంత దరిద్రపు సర్వీసు ఎక్కడా చూడలేదు" అని జెర్సీ ఆయన అరుస్తుండగా పెద్దమ్మ కొత్త పెట్టె చేత్తో పట్టుకుని వచ్చింది. చెత్తడబ్బా చూసింది. "ఎవరు చేశారిది?"

నేను బావ వైపు చూసి, "అతను కొత్త, మ్యామ్" అన్నాను.

చూశారా, వాడు చేశాడని అనలేదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని చాలాకాలం నన్ను నేను సమర్థించుకున్నాను. బావ ఒక్క క్షణం నా వైపు చూసి, ఆవిడతో "సారీ మ్యామ్" అన్నాడు.

ఇంటికొచ్చే దారిలో అడిగాడు. "అలా అనేశావేంటి బావా?"

"టెన్షన్‌లో వచ్చేసింది బావా. సోమవారం వెళ్ళి పెద్దమ్మకి నిజం చెప్తా."

"చెప్పు బావా. నీకు తెలుసుగా."

వెళ్ళలేదు. నిజం చెబితే సంఘం పరువు పోతుందనుకున్నాను. (సంఘం పరువు ఎప్పుడూ అధ్యక్షుడి సైజులోనే ఉంటుంది.) కిచెన్ ఉద్యోగం వేరే ఎవరికో వెళ్ళింది. సెమిస్టర్ అయ్యాక బావ ఇంకో రాష్ట్రంలో ఫీజు తక్కువున్న కాలేజీకి మారాడు. వాడి సూట్‌కేసు మోసుకుంటూ బస్సుదాకా వెళ్ళాను. ఎక్కబోతూ అడిగాడు, "పెద్దమ్మని కలిశావా?"

"ఈ వారం కుదర్లేదు బావా."

"సర్లే" అన్నాడు.

ఫోన్లు కొన్నాళ్ళు నడిచి ఆగిపోయాయి. కథ మాత్రం ఆగలేదు. ఏ విందుకి వెళ్ళినా బావ మడి, బావ గ్లవ్స్, బావ కబడ్డీ. అన్నీ వాడి ఖాతాలోనే.

మొన్నామధ్య షామ్‌బర్గ్ అనే ఊళ్ళో స్నేహితుడి ఇంట్లో తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ జరిగితే అక్కడా చెప్పాను. అందరూ నవ్వి ప్లేట్ల వైపు వెళ్ళాక నాకు పరిచయం లేని ఒకావిడ దగ్గరికొచ్చింది. "అన్నయ్యగారూ, మా ఆయన కూడా ఈ కథ చెప్పేవారండీ. ఆ బావ మా ఆయనే. కిందటేడు పోయారు" అంది.

ఆవిడే మళ్ళీ అంది, "ఆయనా ఇలాగే చెప్పేవారు, గ్లవ్సన్నీ తనే పారేసినట్టు. చేపలు తోమే చేతులకి గ్లవ్సేంటండీ అని నేను దెబ్బలాడేదాన్ని. నవ్వేసేవారు."

అప్పుడు చెప్పాను. గ్లవ్స్ ఎవరివో, 'అతను కొత్త' అన్నదెవరో, కిచెన్‌లో ఎవరికి చోటు పోయిందో, అంతా. వాళ్ళమ్మాయి కాలేజీలో చదువుతోందట, పక్కన నిలబడి విన్నది.

"సో, ఇట్ వజ్ యూ, అంకుల్?"

"నేనేనమ్మా."

"నాన్నకి జాబ్ రాలేదు, బికాజ్ ఆఫ్ యూ?"

"అవునమ్మా."

ఆ పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది. "జాబ్ సంగతి నాన్న ఎప్పుడూ చెప్పలేదు కదా, అమ్మా?"

"లేదే" అందావిడ. "నాకూ చెప్పలేదు. ఆ ముక్క కథలో లేనే లేదు." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తర్వాత నా చేతిలో ఖాళీ ప్లేటు చూసి, "తినండి అన్నయ్యగారూ, అన్నీ చల్లారిపోతున్నాయి" అంది.

అప్పటినుంచి ఎక్కడైనా ఆ కథ అడిగితే ఉన్నదున్నట్టు చెబుతున్నాను. కబడ్డీ దాకా జనం బాగానే నవ్వుతారు. బస్సు దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు లేచి మంచినీళ్ళకి వెళతారు. మొన్న కారెక్కాక మా ఆవిడ, "ఏమోనండీ, పాత కథే బాగుండేది" అంది.

బాగానే ఉండేది. అందులో నేను లేను కదా.